ఇంగ్లండ్‌లో క్రిమినల్ కేసు మీద పడితే లీగల్ ఎయిడ్ సొలిసిటర్‌ని ఎలా పెట్టుకోవాలి

మాస్టర్స్‌కి వచ్చి మూడు నెలలు కూడా కాని ఒక కుర్రాడు సూపర్‌మార్కెట్‌లో సెల్ఫ్ చెకౌట్ దగ్గర సామాన్లు స్కాన్ చేసుకుంటున్నాడు. రెండు వస్తువులు స్కాన్ కాకుండానే సంచిలోకి వెళ్లాయి. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపాడు, కాసేపటికి పోలీసులు వచ్చారు. స్టేషన్‌లో "సొలిసిటర్ కావాలా?" అని అడిగితే "వద్దు సార్, నేనే చెప్తాను, చిన్న విషయమే కదా" అన్నాడు. పది నిమిషాల ఇంటర్వ్యూలో ఆరేడుసార్లు సారీ చెప్పాడు. చివర్లో ఒక కాగితం మీద సంతకం పెట్టమంటే పెట్టి, బతికిపోయాననుకుని రూమ్‌కి వచ్చాడు. ఆ కాగితం పేరు కాషన్. నేరం ఒప్పుకున్నట్టు పోలీసు రికార్డులో ఉండిపోయే కాగితం అది. ఆ సంగతి అతనికి ఏడాది దాటాక, వీసా ఫారం నింపుతుంటే తెలిసింది. నాకు ఫోన్ చేసింది అప్పుడే.

ఆ రోజు సొలిసిటర్ కావాలని అనుంటే అతనికి ఒక్క పౌండ్ కూడా ఖర్చయ్యేది కాదు. ఈ ముక్క మనవాళ్లలో చాలామందికి తెలియదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇది ఇంగ్లండ్, వేల్స్‌లకు సంబంధించిన సంగతి. స్కాట్లాండ్‌లో, ఉత్తర ఐర్లాండ్‌లో పద్ధతులు వేరు, అక్కడున్నవాళ్లు ఈ లెక్కలు పట్టుకుని వెళ్లకండి. ఇంకో మాట: మన దగ్గర అందరినీ లాయర్ అనేస్తాం. ఇక్కడ మొదట మీ పక్కన ఉండేది, మీ కాగితాలు చూసేది, కేసు మొదటి నుంచి చివరిదాకా నడిపేది సొలిసిటర్. పెద్ద కోర్టులో లేచి వాదించేది ఎక్కువగా బారిస్టర్. బారిస్టర్‌ని మీరు వెతుక్కోనక్కర్లేదు, మీ సొలిసిటరే పెడతారు.

లీగల్ ఎయిడ్‌కి, అంటే ప్రభుత్వ ఖర్చుతో దొరికే సొలిసిటర్ సాయానికి, మూడు గడపలున్నాయని ముందు గుర్తుపెట్టుకోండి. పోలీస్ స్టేషన్‌లో అందరికీ ఉచితం. కోర్టులో మొదటి రోజు, కొన్ని నేరాలకు మాత్రమే ఉచితం. ఆ తర్వాత కేసు నడిచినంతకాలం కావాలంటే మీ ఆదాయం చూస్తారు, కేసు ఎంత తీవ్రమైనదో చూస్తారు. ఒక గడప దగ్గర దొరికింది కదా అని రెండోదగ్గర దానంతటదే దొరకదు. ఒకచోట దొరకలేదని ఇంకోచోట దొరకదనీ కాదు.

మొదటి మెట్టు: స్టేషన్‌లో నోరు విప్పకముందే అడగండి

అరెస్టు చేసి తీసుకెళ్లాక ఎత్తైన కౌంటర్ వెనక ఒక అధికారి ఉంటారు. కస్టడీ సార్జెంట్ అంటారు. పేరు, పుట్టిన తేదీ, ఆరోగ్యం, మందులు, ఒంట్లో బాగుందా లేదా, ఇవన్నీ అడుగుతారు. వాటి మధ్యలోనే మీ హక్కులు చదువుతారు: మీరు ఇక్కడున్నారని ఒకరికి తెలియజేయించుకోవచ్చు, ఉచితంగా న్యాయ సలహా తీసుకోవచ్చు, పోలీసులు పాటించాల్సిన నియమావళి చూడవచ్చు. 1984 నాటి పోలీసు సాక్ష్యాల చట్టంలోని 58వ సెక్షన్ ఇచ్చిన హక్కు ఇది. దీనికి జీతంతో పనిలేదు, వీసాతో పనిలేదు, మీరే దేశస్థులన్నదానితో పనిలేదు. వీసా గడువు దాటిపోయినవాళ్లకు కూడా ఉంది.

అప్పుడు మీరు అనాల్సిన మాట ఒక్కటే: "ఐ వాంట్ ఎ సొలిసిటర్." రెండో మాట, అవసరమైతే: "ఐ నీడ్ ఎ తెలుగు ఇంటర్‌ప్రెటర్." రెండూ ఉచితమే.

తెలిసిన సొలిసిటర్ ఉంటే ఆ పేరు, సంస్థ చెప్పండి. ఆ సంస్థకు లీగల్ ఎయిడ్ కాంట్రాక్టు ఉంటే స్టేషన్ సలహాకు మీ దగ్గర డబ్బు తీసుకోరు. ఎవరూ తెలియకపోతే డ్యూటీ సొలిసిటర్ అనండి. పోలీసులు డిఫెన్స్ సొలిసిటర్ కాల్ సెంటర్‌కి ఫోన్ చేస్తారు, వాళ్లు ఆ ప్రాంతంలో ఆ రోజు వంతు ఉన్న సొలిసిటర్‌కి కేసు అప్పగిస్తారు. రాత్రీ పగలూ ఈ ఏర్పాటు నడుస్తుంది. డ్యూటీ సొలిసిటర్ పోలీసుల మనిషి కాదు. ప్రైవేటు సంస్థల్లో పనిచేస్తూ, వంతుల ప్రకారం వచ్చే మామూలు క్రిమినల్ సొలిసిటర్లే. ప్రభుత్వం డబ్బిస్తుంది కాబట్టి ప్రభుత్వం పక్షాన మాట్లాడతారన్న అనుమానం మనవాళ్లలో బలంగా ఉంది, అది తీసేయండి. మీరు వాళ్లకు చెప్పింది మీ అనుమతి లేకుండా పోలీసులకు చేరదు. అయితే ఒక హద్దు ఉంది. మీరు నిజం ఒకటి చెప్పి అబద్ధం ఇంకోటి కోర్టులో చెప్పమంటే వాళ్లు చెప్పలేరు.

"సొలిసిటర్ వచ్చేసరికి చాలా లేటవుతుంది, ఇప్పుడే మాట్లాడేస్తే గంటలో ఇంటికెళ్లిపోవచ్చు" అన్నట్టుగా ఏ మాటైనా వినిపిస్తే అక్కడే ఆగండి. సొలిసిటర్ వద్దనుకునేలా పోలీసులు ఏ మాటా అనకూడదని వాళ్ల నియమావళిలోనే ఉంది. గదిలో ఒంటరిగా కూర్చుని ఎదురుచూడటం కష్టమే. టెన్షన్‌తో కడుపులో తిప్పుతుంది, ఫోన్ ఉండదు, టైమ్ తెలియదు. అయినా ఆగండి. మామూలుగా చార్జ్ చేయకుండా, అంటే ఫలానా నేరం చేశారని లాంఛనంగా ఆరోపణ మోపకుండా, మిమ్మల్ని ఉంచగలిగేది 24 గంటలు. తీవ్రమైన నేరాల్లో పై అధికారి అనుమతితో 36 గంటలు, ఆపైన కోర్టు అనుమతితో 96 గంటల దాకా వెళ్లవచ్చు. ఆ కొన్ని గంటల ఓపిక తర్వాతి కొన్నేళ్లను కాపాడుతుంది. మొదట వద్దన్నా పర్వాలేదు, తర్వాత మనసు మార్చుకుని ఎప్పుడైనా అడగవచ్చు.

సొలిసిటర్‌ని అడిగితే తప్పు చేసినట్టు అనుకుంటారేమో అన్నది నేను అన్నిటికంటే ఎక్కువసార్లు విన్న భయం. ఇక్కడ అలా అనుకోరు. పోలీసు అధికారి మీద ఆరోపణ వచ్చినా ఆయనా సొలిసిటర్‌నే పిలుచుకుంటాడు.

మన "ఊఁ" టేపు మీద "ఎస్" అవుతుంది

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇది మన భాషకే ఉన్న చిక్కు.

ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మనం ఊఁ కొడతాం. వింటున్నాను, చెప్పండి అని దాని అర్థం. ఇంగ్లిషులో అదే "యా, యా" అయిపోతుంది, లేదా "ఓకే సార్" అవుతుంది. పోలీసు ఇంటర్వ్యూ మొత్తం రికార్డవుతుంది. "నువ్వు ఆ వస్తువుకి డబ్బు కట్టలేదని నీకు తెలుసు" అని అధికారి ఒక వాక్యం చెప్పి ఆగితే, మన నోట్లోంచి అలవాటుగా "యా" వస్తుంది. ఆరు నెలల తర్వాత కోర్టులో ఆ రికార్డింగ్ రాతలో పెట్టి చదివితే, ప్రశ్న కింద జవాబు "అవును" అని ఉంటుంది. మీరు ఊఁ కొట్టారని ఎవరికీ తెలియదు.

సారీ కూడా అంతే. బస్సులో కాలు తగిలినా సారీ అంటాం, పెద్దాయన కోపంగా చూసినా సారీ అంటాం, గొడవ సద్దుమణగాలని సారీ అంటాం. 1968 దొంగతనాల చట్టం ప్రకారం ఒక వస్తువు తీసుకోవడం ఒక్కటే దొంగతనం కాదు, మోసబుద్ధితో తీసుకోవాలి. స్కాన్ చేయడం మర్చిపోతే అది మర్చిపోవడమే. కానీ "సారీ, తప్పయిపోయింది, ఇంకెప్పుడూ చేయను" అన్నాక మర్చిపోయానని ఎలా చెప్తారు? మన పద్ధతిలో అది వినయం. రికార్డులో అది నేరాంగీకారం.

ఇంగ్లిష్ మీడియంలో చదివాం కదా, ఐఈఎల్‌టీఎస్‌లో 7 వచ్చింది కదా అని ఇంటర్‌ప్రెటర్ వద్దనేవాళ్లున్నారు. క్లాసులో మాట్లాడే ఇంగ్లిష్ వేరు, మూసిన గదిలో భయంతో మాట్లాడే ఇంగ్లిష్ వేరు. ఏమాత్రం తడబాటు ఉన్నా అడగండి, అడగడం నామోషీ కాదు. స్నేహితుణ్ణి ఇంటర్‌ప్రెటర్‌గా పెట్టుకుంటానని మాత్రం అనకండి. తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలన్నప్పుడు హిందీ వచ్చు కదా అంటే, హిందీలో మీకు ధారాళంగా రాకపోతే రాదనే చెప్పండి.

సొలిసిటర్ వచ్చాక ఏం జరుగుతుంది

ఇంటర్వ్యూకి ముందు సొలిసిటర్ మొదట పోలీసులతో మాట్లాడి, వాళ్ల దగ్గర ఏముందో కొంత తెలుసుకుంటారు. తర్వాత మీతో విడిగా మాట్లాడతారు. అప్పుడు ఏదీ దాచకండి. వీసా ఏ రకం, ఎప్పటిదాకా ఉంది, ముందు ఏదైనా కేసు ఉందా, మందులేమైనా వాడుతున్నారా, అన్నీ చెప్పండి. వీసా సంగతి వాళ్లు అడక్కపోయినా మీరే చెప్పాలి.

ఆపైన మూడు దారులుంటాయి. ప్రశ్నలకు జవాబులివ్వడం, అన్నిటికీ "నో కామెంట్" అనడం, లేదా ముందే రాసుకున్న ప్రకటన చదివి మిగతావాటికి మౌనంగా ఉండటం. ఏది మంచిదో కేసును బట్టి ఉంటుంది, వాట్సాప్ గ్రూపులో ఎవరో చెప్పినట్టు ఎప్పుడూ నో కామెంటే అనుకోవడం పొరపాటు. ఇంటర్వ్యూకి ముందు పోలీసులు చదివే హెచ్చరికలోనే ఆ మెలిక ఉంది: మీరు ఏమీ చెప్పనక్కర్లేదు, కానీ తర్వాత కోర్టులో ఆధారపడబోయే విషయాన్ని ఇప్పుడు అడిగినప్పుడు చెప్పకపోతే మీ వాదనకు నష్టం జరగవచ్చు, చెప్పిందేదైనా సాక్ష్యంగా వాడవచ్చు. అంటే మౌనానికి కూడా ధర ఉండవచ్చు. ఆ ధర తూకం వేయడానికే పక్కన సొలిసిటర్ కావాలి. ఫోన్ పిన్ అడిగినా ఇవ్వాలో వద్దో ముందు సొలిసిటర్‌నే అడగండి.

ఈ హెచ్చరికను కూడా కాషన్ అనే అంటారు. నేరం ఒప్పుకుని సంతకం పెట్టే కాగితాన్నీ కాషన్ అనే అంటారు. ఒకటి మాటల్లో చేసే హెచ్చరిక, ఇంకోటి రికార్డు. మొదట్లో చెప్పిన కుర్రాడు తికమకపడింది ఇక్కడే. రెండో రకం కాషన్ ఇస్తామంటే సొలిసిటర్‌ని అడగకుండా సంతకం పెట్టకండి, "దీంతో కేసు అయిపోతుంది" అన్నా సరే. కోర్టుకు వెళ్లనక్కర్లేదు కాబట్టి కొన్ని కేసుల్లో అదే మంచిదీ కావచ్చు. తెలిసి పెట్టండి, తెలియక పెట్టకండి.

తాగి బండి నడిపిన కేసులో పట్టుబడితే ఇంకో జాగ్రత్త. సొలిసిటర్ వచ్చేదాకా ఊదను అనకండి. ఊపిరి పరీక్షను సొలిసిటర్ కోసం ఆపరు, సరైన కారణం లేకుండా ఊదకపోవడమే వేరే నేరం. ఇలాంటి కేసుల్లో, జైలు శిక్ష లేని చిన్న నేరాల్లో ఉచిత సలహా తరచుగా ఫోన్‌లోనే ఉంటుంది. కానీ ఇంటర్వ్యూ చేయబోతున్నా, మీకు ఇంటర్‌ప్రెటర్ అవసరమైనా సొలిసిటర్ నేరుగా రావడానికి వీలుంటుంది. భాష సంగతి మొదట్లోనే చెప్పమన్నది అందుకు కూడా.

అరెస్టు లేకుండా "ఒకసారి స్టేషన్‌కి వచ్చి మాట్లాడి వెళ్లు" అని పోలీసులు ఫోన్ చేయడం ఇప్పుడు మామూలైంది. దీన్ని వాలంటరీ ఇంటర్వ్యూ అంటారు. పేరు మెత్తగా ఉంది కానీ రికార్డింగ్ అదే, హెచ్చరిక అదే, పర్యవసానమూ అదే. దీనికీ సొలిసిటర్ ఉచితం. పైగా ఇక్కడ మీకు టైమ్ ఉంది. తేదీ తీసుకుని, ముందే ఒక లీగల్ ఎయిడ్ సంస్థకు ఫోన్ చేసి, సొలిసిటర్‌తో కలిసి వెళ్లండి. బ్యాంకు అకౌంట్‌ని ఎవరికో వాడుకోనిచ్చి, అందులోంచి ఎవరి డబ్బో అటూ ఇటూ తిరిగిన కేసుల్లో విద్యార్థులకు చాలాసార్లు ఇలాంటి ఫోనే వస్తుంది. అది మనీ లాండరింగ్ ఆరోపణ. "అన్నా, ఫ్రెండ్ అడిగాడని ఇచ్చాను" అని చెప్పేస్తే తేలిపోయే విషయం కాదు.

రెండో మెట్టు: స్టేషన్ నుంచి బయటికొచ్చాక, కోర్టుకు ముందు

బయటికి పంపేటప్పుడు ఒక కాగితం ఇస్తారు. కేసు ఇంతటితో ముగిసిందనో, దర్యాప్తు నడుస్తోందనో, షరతులతో బెయిల్ మీద ఉన్నారనో, చార్జ్ చేశామనో అందులో ఉంటుంది. చార్జ్ అయితే ఏ నేరం, ఏ కోర్టు, ఏ తేదీ అన్నీ ఉంటాయి. దాన్ని ఫొటో తీసి పెట్టుకోండి. బెయిల్ షరతులు రెండుసార్లు చదవండి. ఫలానా వ్యక్తితో మాట్లాడకూడదని ఉంటే, ఇన్‌స్టాగ్రామ్‌లో మెసేజ్ పెట్టడమూ, ఫ్రెండ్ చేత రాజీకి మాట్లాడించడమూ షరతు తప్పినట్టే. మన దగ్గర పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి సర్దుబాటు చేసుకోవడం అలవాటు. ఇక్కడ ఫిర్యాదు చేసినవాళ్ల దగ్గరికి పెద్దమనుషుల్ని పంపితే సాక్షిని బెదిరించారన్న కొత్త కేసు నెత్తికి రావచ్చు.

దర్యాప్తు తర్వాత చార్జ్ పోస్టులో కూడా వస్తుంది. విద్యార్థులు ఆరు నెలలకో ఇల్లు మారతారు, ఉత్తరం పాత ఇంటికి వెళ్తుంది, కోర్టుకు రాలేదని వారంట్ పుడుతుంది. ఇల్లు మారితే పోలీసులకీ సొలిసిటర్‌కీ కొత్త అడ్రస్ చెప్పండి, పాత ఇంట్లో ఉన్నవాళ్లకి ఉత్తరాలు చూడమని చెప్పండి.

ఈ మధ్య కాలంలోనే సొలిసిటర్‌ని ఖాయం చేసుకోవాలి. స్టేషన్‌లో వచ్చినవాళ్లు నచ్చితే వాళ్లనే కొనసాగించవచ్చు, చాలామంది చేసేది అదే, అది మంచి పద్ధతే. నచ్చకపోతే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో లీగల్ ఎయిడ్ సలహాదారులను పిన్‌కోడ్‌తో వెతికే పేజీ ఉంది. సొలిసిటర్ల సంఘమైన లా సొసైటీకి కూడా వెతికే పేజీ ఉంది. ఫోన్ చేసి మూడు అడగండి: మీరు క్రిమినల్ కేసులు చేస్తారా, లీగల్ ఎయిడ్‌లో తీసుకుంటారా, నా కోర్టు తేదీకి రాగలరా. కేసు పేరు, తేదీ చెప్పేంతవరకే మాట్లాడి, కథంతా ఎదురుగా కూర్చున్నప్పుడు చెప్పండి.

"మన తెలుగాయనే, వీసాలు చూస్తాడు, కేసు కూడా చూస్తాడు" అని ఎవరైనా పేరు చెబితే, ఆ వ్యక్తి సొలిసిటర్ల నియంత్రణ సంస్థ రిజిస్టర్‌లో ఉన్నారో లేదో ఆన్‌లైన్‌లో చూడండి. వీసా సలహాదారు అయినంత మాత్రాన క్రిమినల్ కోర్టులో మీ పక్షాన నిలబడలేరు. అలాగే క్రిమినల్ సొలిసిటర్‌కి వీసా చట్టం లోతుగా తెలియాలనీ లేదు. నేరం ఒప్పుకునే ముందు వీసా మీద ఏం పడుతుందో ఇమిగ్రేషన్ తెలిసినవాళ్లను విడిగా అడగమని మీ సొలిసిటర్‌కి చెప్పండి.

మూడో మెట్టు: కోర్టులో మొదటి రోజు

క్రిమినల్ కేసులన్నీ మెజిస్ట్రేట్స్ కోర్టులోనే మొదలవుతాయి. సొలిసిటర్ ఇంకా కుదరకపోతే, కాగితం మీద రాసిన టైమ్‌కి కనీసం అరగంట ముందు వెళ్లండి. నల్ల గౌను వేసుకుని, చేతిలో జాబితా పట్టుకుని తిరిగే మనిషి అషర్. పేరు చెప్పి, డ్యూటీ సొలిసిటర్‌ని కలవాలని చెప్పండి. ఇంటర్‌ప్రెటర్ కావాలంటే మాత్రం ఆ రోజు చెబితే ఆలస్యమవుతుంది, కోర్టుకు ముందే ఫోన్ చేసి చెప్పాలి.

కోర్టు డ్యూటీ సొలిసిటర్ ఆదాయం అడగరు. కానీ అందరికీ రారు. జైలు శిక్ష పడే అవకాశమున్న నేరమై ఉండాలి, లేదా మీరు కస్టడీలో ఉండాలి. దొంగతనం, దాడి, తాగి నడపడం ఈ లెక్కలోకి వస్తాయి. ఇన్సూరెన్స్ లేకుండా కారు నడపడం, లైసెన్సు లేకుండా నడపడం రావు. ఇండియా లైసెన్సు మీద ఇక్కడికి వచ్చిన 12 నెలల దాకానే నడపవచ్చన్నది మర్చిపోయి ఆ కేసుల్లో ఇరుక్కున్న మనవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లకు ఉచిత సొలిసిటర్ దొరకడం కష్టం. విద్యార్థులైతే యూనివర్సిటీ స్టూడెంట్స్ యూనియన్ సలహా కేంద్రానికి ముందుగా వెళ్లడం నయం.

డ్యూటీ సొలిసిటర్ సాయం ఆ ఒక్క రోజుకే, కేసుకు ఒక్కసారే. ట్రయల్ వాదించరు. ఆ రోజు నేరం ఒప్పుకోవాలా వద్దా అన్నది పెద్ద నిర్ణయం. మొదటి హియరింగ్‌లోనే ఒప్పుకుంటే శిక్షలో మూడో వంతు దాకా తగ్గుతుంది. ఆ తగ్గింపు కోసం చేయని తప్పు ఒప్పుకోవద్దు. సాక్ష్యాలు చూడకుండా కూడా ఒప్పుకోవద్దు. ప్రాసిక్యూషన్ కేసు వివరాలు చూశారా అని సొలిసిటర్‌ని సూటిగా అడగండి.

నాలుగో మెట్టు: కేసు మొత్తానికి లీగల్ ఎయిడ్

దీన్ని రిప్రజెంటేషన్ ఆర్డర్ అంటారు. దరఖాస్తు మీరు కాదు, సొలిసిటర్ ఆన్‌లైన్‌లో లీగల్ ఎయిడ్ ఏజెన్సీకి పంపుతారు. మీరు ఇవ్వాల్సింది సమాచారం: నేషనల్ ఇన్సూరెన్స్ నంబర్, పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, అద్దె ఒప్పందం, చార్జ్ కాగితం. రెండు పరీక్షలు దాటాలి.

ఒకటి, న్యాయం దృష్ట్యా మీకు సొలిసిటర్ అవసరమా అన్నది. జైలుకు వెళ్లే అవకాశం, ఉద్యోగం పోయే ప్రమాదం, పరువుకు తీవ్ర నష్టం, కోర్టులో జరిగేది అర్థం కాకపోవడం, సాక్షుల్ని వెతకాల్సి రావడం, నిపుణులైన సాక్షిని ప్రశ్నించాల్సి రావడం వంటివి చూస్తారు. మనవాళ్లు ఇక్కడ మొహమాటపడి పోగొట్టుకుంటారు. భాష కష్టమైతే ఆ మాట రాయించండి. శిక్ష పడితే వీసా, దాంతోపాటు జీవనోపాధి పోతాయనుకుంటే ఎలా పోతాయో రాయించండి. కేసు క్రౌన్ కోర్టుకు, అంటే తీవ్రమైన కేసులు విచారించే పై కోర్టుకు, వెళ్తే ఈ పరీక్ష దాటినట్టే లెక్క.

రెండు, ఆదాయం. పద్దెనిమిదేళ్ల లోపువాళ్లకూ, యూనివర్సల్ క్రెడిట్ లాంటి కొన్ని సాయాలు పొందేవాళ్లకూ ఈ పరీక్ష ఉండదు. స్టూడెంట్ వీసా, వర్క్ వీసా వాళ్లకు ఆ సాయాలు రావు కాబట్టి మన లెక్క మనం వేసుకోవాలి. మెజిస్ట్రేట్స్ కోర్టులో కుటుంబాన్ని బట్టి సవరించిన ఏడాది ఆదాయం 12,475 పౌండ్లు మించకపోతే అర్హులు. 22,325 లేదా అంతకు మించితే అర్హులు కారు. మధ్యలో ఉంటే ఖర్చులు తీసేసి చూస్తారు, మిగులు 3,398 పౌండ్లు మించకూడదు.

ఒక విద్యార్థి లెక్క వేసి చూద్దాం. వారానికి 20 గంటలు, 2025 ఏప్రిల్‌లో వచ్చిన కనీస వేతనం గంటకు 12.21 పౌండ్లు. ఏడాదికి 12,698 అవుతుంది. మొదటి గీతను కాస్త దాటింది. ఇక్కడే చాలామంది "మనకు రాదులే" అని వదిలేస్తారు. కానీ నెలకు 550 అద్దె అనుకుంటే ఏడాదికి 6,600 తీసేయాలి, ఒంటరి మనిషి బతుకు ఖర్చు కింద 5,676 తీసేస్తారు. మిగిలింది 422. హాయిగా అర్హుడు. ఇంటి నుంచి అమ్మానాన్నలు పంపే డబ్బు ఉంటే అదీ ఫారంలో చెప్పాలి, దాచకండి. అబద్ధపు లెక్క ఇవ్వడం మరో నేరం.

పెళ్లైనవాళ్లకు భార్య లేదా భర్త సంపాదన కూడా కలుపుతారు. ఆ కేసులో ఫిర్యాదు చేసింది వాళ్లే అయితే కలపరు. స్కిల్డ్ వర్కర్ వీసా మీద పనిచేసే ఐటీవాళ్ల జీతం చాలావరకు 22,325 దాటే ఉంటుంది, కాబట్టి మెజిస్ట్రేట్స్ కోర్టులో లీగల్ ఎయిడ్ మీద ఆశ పెట్టుకోకండి. క్రౌన్ కోర్టు వేరు. అక్కడ మిగులు ఆదాయం 37,500 పౌండ్లు దాటితేనే పూర్తిగా కాదంటారు. 3,398 పైన ఉంటే లీగల్ ఎయిడ్ ఇచ్చి, నెలనెలా కొంత కట్టమంటారు. ఎక్కువలో ఎక్కువ ఆరు నెలలు, టైమ్‌కి కడితే ఐదు. నిర్దోషి అని తేలితే వడ్డీతో సహా వెనక్కిస్తారు. నేరం రుజువైతే, 30,000 పౌండ్లకు మించి ఆస్తి ఉన్నవాళ్ల దగ్గర మిగతా ఖర్చు అడగవచ్చు.

లీగల్ ఎయిడ్ వచ్చాక దాని కింద చేసే పనికి సొలిసిటర్ మీ దగ్గర విడిగా డబ్బు తీసుకోకూడదు. కోర్టు వేసే జరిమానా, ప్రాసిక్యూషన్ ఖర్చులు మాత్రం మీవే. ఒకసారి ఆర్డర్ వచ్చాక సొలిసిటర్‌ని మార్చుకోవాలంటే కోర్టు అనుమతి కావాలి, బలమైన కారణం చూపాలి. ముందే ఆలోచించి ఎంచుకోమన్నది ఇందుకే.

కాదంటే

న్యాయం దృష్ట్యా అవసరం లేదని తిరస్కరిస్తే కోర్టుకు అప్పీలు చేయవచ్చు. ఆదాయం ఎక్కువని తిరస్కరిస్తే, మామూలు లెక్కలో రాని ఖర్చులు ఉన్నాయని, అప్పుల వాయిదాల్లాంటివి చూపి, పునఃపరిశీలన అడగవచ్చు. ఇండియాలో తీసుకున్న ఎడ్యుకేషన్ లోన్ వాయిదాలు కడుతుంటే ఆ కాగితాలు సొలిసిటర్‌కి చూపించండి.

అప్పటికీ కాకపోతే ప్రైవేటుగా పెట్టుకోవాలి. గంటల లెక్క కాకుండా మొత్తానికి ఇంత అని ముందే మాట్లాడుకుని, రాతపూర్వకంగా తీసుకోండి. కారు ఇన్సూరెన్స్‌లోనో, ఇంటి ఇన్సూరెన్స్‌లోనో లీగల్ కవర్ ఉందేమో చూడండి. ఒక్క సంగతి మాత్రం మరవకండి: క్రౌన్ కోర్టు కేసులో రాదని తెలిసినా దరఖాస్తు పెట్టండి. నిర్దోషిగా బయటపడితే మీరు పెట్టిన ఖర్చులో కొంత, లీగల్ ఎయిడ్ రేట్ల మేరకు, వెనక్కి అడగాలంటే ఆదాయం కారణంగా తిరస్కరించిన కాగితం చేతిలో ఉండాలి.

రూమ్మేట్‌ని తీసుకెళ్లారా?

ఏ స్టేషన్‌కి తీసుకెళ్తున్నారని పోలీసుల్ని అక్కడే అడిగి రాసుకోండి. మీరే ఒక లీగల్ ఎయిడ్ సంస్థకు ఫోన్ చేసి, పేరు, పుట్టిన తేదీ, స్టేషన్ చెప్పవచ్చు. సొలిసిటర్ ఆ స్టేషన్‌కి వస్తే పోలీసులు ఆ సంగతి మీ స్నేహితుడికి చెప్పి, కావాలా వద్దా అని అడగాలి. నిర్ణయం అతనిదే. అతని గదిలో వస్తువులు సర్దకండి, ఫోన్లో ఏదీ తుడిచేయకండి, అది మీ మెడకు చుట్టుకుంటుంది. భారత హైకమిషన్‌కి తెలియజేయమని అడిగే హక్కు అతనికుంది, కానీ హైకమిషన్ సొలిసిటర్ పని చేయదు.

ఊళ్లో అమ్మానాన్నలకు ఫోన్ చేయాలా అని అడుగుతారు. అతను కస్టడీ నుంచి ఎవరికి చెప్పమన్నాడో వాళ్లకే చెప్పండి. చెప్పాల్సి వస్తే ఆరోపణ వివరాలు ఫోన్లో చర్చించకుండా, "ఆరోగ్యంగా ఉన్నాడు, ఫలానా సొలిసిటర్ చూస్తున్నారు, ఫలానా రోజు కోర్టు" అని మూడు ముక్కలు చెప్పండి. ఆ సొలిసిటర్ ఆఫీసు నంబరు వాళ్ల చేత కూడా రాయించండి. రాత్రి మూడింటికి మీ ఫోన్ స్విచాఫ్ అయి ఉంటే వాళ్లకు ఆ నంబరే దిక్కు.